లెక్కల మామయ్య కబుర్లు: తొంభై ఫ్లాపీలు, ఒక సాయంత్రం

పిల్లలూ!

కిందటి నెల ఇచ్చిన లెక్కకు చాలామంది సరయిన జవాబు పంపారు. సెబాసు! ఈ నెల మటుకు లెక్క నేను ఇవ్వలేదు. అద్దంకి నుంచి ఒక మేనకోడలు నాకే ఇచ్చింది. ఆ అమ్మాయి ఏడో తరగతి చదువుతున్నది. ఆమె రాసిన ఉత్తరం ముందు చదవండి.

"లెక్కల మామయ్యకు నమస్కారాలు. మా తాతయ్యకు అద్దంకిలో చిన్న డీటీపీ షాపు ఉండేది. పెళ్ళి శుభలేఖలూ, కరపత్రాలూ తయారుచేసేవాడు. తీరిక దొరికితే పొలాల్లో మిరపకాయలు కోసేటప్పుడూ, పత్తి తీసేటప్పుడూ ఆడవాళ్ళు పాడే పాటలు రాసుకుని వచ్చి కంప్యూటరులో ఎక్కించేవాడట. మా నాయనమ్మ పాడినవి కూడా అందులో ఉన్నాయట. తాతయ్య పోయి ఆరేళ్ళయింది. మొన్న అటక దులుపుతుంటే ఒక రేకు పెట్టెలో తొంభై ఫ్లాపీలు దొరికాయి. మా ఇంట్లో వాటిని చదివే యంత్రం లేదు. మా బజారులో జిరాక్స్ షాపు ఆయన దగ్గర ఒకటి ఉంది. వచ్చే శనివారం సాయంత్రం ఇస్తాననీ, ఆదివారం తెల్లవారుజామున గుంటూరు బస్సెక్కేలోగా తిరిగి ఇచ్చెయ్యాలనీ అన్నాడు.

"మా నాన్న, 'దానికి యూఎస్‌బీ తీగ ఉంది, సెకనుకు 12 మెగాబిట్లు లాగుతుంది. ఫ్లాపీకి ఒక్క సెకను. భోజనాలయ్యాక కూర్చుందాం, ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది' అంటున్నాడు. మా అన్నయ్య, 'కాదు, ఫ్లాపీ వేగం 500 అని పుస్తకంలో ఉంది, ఫ్లాపీకి మూడు సెకన్లు పడుతుంది, అన్నిటికీ నాలుగున్నర నిమిషాలు' అంటున్నాడు. నాయనమ్మ రాత్రి తొమ్మిదింటికే పడుకుంటుంది. ఆమెకు ఆ రోజే పాటలు చూపించాలని నా కోరిక. ఎవరి లెక్క సరయింది మామయ్యా?"

ఉత్తరం చదివి నేను నెల తిరిగి పత్రిక వచ్చేదాకా ఆగలేదు. ఆ రోజే టెలిఫోన్ చేసి, "అమ్మాయీ, ఇద్దరి లెక్కా తప్పే. శనివారం సాయంత్రం ఆరింటికల్లా మొదలుపెట్టండి" అని చెప్పాను. ఎందుకలా చెప్పానో ఇప్పుడు మీ అందరికీ చెబుతాను.

గిద్దలూ, తవ్వలూ

మీ ఇంట్లో ముసలివాళ్ళుంటే పాత కొలతలు అడగండి. వాళ్ళు ఇలా చెబుతారు: రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. రెండు కుంచాలు ఒక ఇరస. రెండు ఇరసలు ఒక తూము.

చూశారా తమాషా! ప్రతి మెట్టూ దాని కింది మెట్టుకు రెట్టింపు. గిద్దతో మొదలుపెట్టి ఎనిమిది మెట్లు ఎక్కితే తూము వచ్చింది. 2, 4, 8, 16, 32, 64, 128, 256. అంటే తూముకు 256 గిద్దలన్నమాట.

కంప్యూటరు కూడా మన పాత కొలతల లాగానే రెట్టింపుల మీద నడుస్తుంది. దాని లోపల ఉండేవి రెండే సంగతులు: ఉన్నది, లేదు. ఉన్నదానికి 1, లేనిదానికి 0 అని గుర్తు. ఇటువంటి ఒక్క గుర్తును 'బిట్' అంటారు. 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తన వ్యాసంలో ఈ మాట వాడాడు. మాట తన మిత్రుడు జాన్ ట్యూకీ పుట్టించాడని అందులోనే చెప్పాడు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక 'బైట్'.

మరి మన కొలతల్లో ఎనిమిది గిద్దలు కలిస్తే ఏమవుతుంది? తవ్వ! కనుక బిట్ గిద్ద అనుకోండి, బైట్ తవ్వ అనుకోండి. ఇక మీరెన్నడూ పొరబడరు.

ఇందులో ఒక చిక్కున్నది. సరుకు ఎంత ఉన్నదో చెప్పేటప్పుడు కంప్యూటరువాళ్ళు తవ్వల్లో, అనగా బైట్లలో చెబుతారు. సరుకు ఎంత వేగంగా పోతుందో చెప్పేటప్పుడు చాలాసార్లు గిద్దల్లో, అనగా బిట్లలో చెబుతారు. ఒక కొట్టువాడు తవ్వల్లో అమ్మి, ఇంకొకడు గిద్దల్లో కొలిచి పోస్తుంటే, కొనేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి గదా?

అన్నయ్య పొరబాటు

ముందు అన్నయ్య లెక్క చూద్దాం. పుస్తకంలో 500 అని ఉన్నమాట నిజమే. కానీ అది సెకనుకు 500 కిలోబిట్లు. అబ్బాయి దాన్ని కిలోబైట్లు అనుకున్నాడు. గిద్దలను తవ్వలనుకున్నాడన్నమాట.

5,00,000 బిట్లను 8 చేత భాగిస్తే 62,500 బైట్లు. ఒక ఫ్లాపీలో పట్టే సరుకు 14,74,560 బైట్లు. దీన్ని 62,500 చేత భాగించండి. సుమారు 23 సెకన్లా 6 పదో వంతులు వస్తుంది. మూడు సెకన్లెక్కడ, దాదాపు ఇరవైనాలుగు సెకన్లెక్కడ!

కానీ అసలు సంగతి ఇంకా ఉన్నది. ఇదీ చాలదు.

మడులూ, గట్లూ

ఫ్లాపీ పైన గట్టి ప్లాస్టిక్ డొప్ప ఉంటుంది. లోపల పల్చటి గుండ్రటి బిళ్ళ ఉంటుంది. దాని మీద ఇనుము కలిసిన పూత పూసి ఉంటుంది. అయస్కాంతం చేత ఆ పూత మీద బిట్లు రాస్తారు. బిళ్ళ రెండు వైపులా 80 చొప్పున గుండ్రటి దారులున్నాయి. మొత్తం 160 దారులు. ఒక్కొక్క దారిలో 18 మడులు. ఒక్కొక్క మడిలో 512 బైట్లు పడతాయి.

గుణించి చూడండి: 160 × 18 × 512 = 14,74,560. ఇందాక చెప్పిన అంకె వచ్చిందా? అద్దీ!

ఈ బిళ్ళ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 5 సార్లు. ఒక చుట్టు తిరిగేసరికి ఒక దారి చదవవచ్చు. కనుక 160 దారులకు 160 చుట్లు కావాలి. సెకనుకు 5 చుట్ల చొప్పున 32 సెకన్లు. బిళ్ళ ఇంతకన్న తొందరగా తిరగదు. పైన ఎంత గొప్ప తీగ తగిలించినా, కంప్యూటరు ఎంత ఖరీదయినదయినా ఈ 32 సెకన్లు తగ్గవు.

"మామయ్యా, ఇందాక 24 సెకన్లన్నావు, ఇప్పుడు 32 అంటున్నావేం?" అని అడిగేవాళ్ళు మీలో ఉంటారు. అడగాలి కూడా. సెకనుకు 62,500 బైట్ల చొప్పున ఒక చుట్టుకు 12,500 బైట్లు రావాలి. వచ్చేది 18 × 512, అనగా 9,216 మాత్రమే. మిగతా 3,284 ఏమయినట్లు?

అవి గట్ల కింద పోయాయి. ఎకరం నేలలో ఎకరమంతా పయిరు వెయ్యలేం గదా! మడికీ మడికీ మధ్య గట్టు ఉండాలి, నీళ్ళ కాలవ ఉండాలి. ఫ్లాపీలోనూ అంతే. మడికీ మడికీ నడుమ కొంత ఖాళీ వదులుతారు. ప్రతి మడి మొదట్లో "ఇది ఫలానా దారి, ఫలానా మడి" అని గుర్తు రాస్తారు. చివర, చదివినది సరిగా ఉన్నదో లేదో చూసుకోవటానికి ఒక సరిచూపు అంకె రాస్తారు. ఇవన్నీ బిళ్ళ మీద చోటు తింటాయి, కాలమూ తింటాయి, కానీ మన చేతికి రావు. మన చేతికి వచ్చేది సెకనుకు 46,080 బైట్లు.

నాన్న పొరబాటు

ఇక నాన్న లెక్క. ఆయన గిద్దలను తవ్వలుగా సరిగ్గానే మార్చాడు. 1,20,00,000 బిట్లను 8 చేత భాగిస్తే 15,00,000 బైట్లు. ఫ్లాపీ సరుకు అంతకన్న కొంచెం తక్కువే. కనుక ఒక్క సెకను సరిపోతుంది. భాగహారంలో తప్పేమీ లేదు. తప్పెక్కడున్నదంటే, ఆయన తీగను కొలిచాడు, బిళ్ళను కొలవలేదు.

మిరపకళ్ళం దగ్గర చూడండి. బస్తాలు మోసుకుపోవటానికి పెద్ద లారీ వచ్చి నిలబడింది. కానీ కాయలు బస్తాల్లో తొక్కి కుట్టేవాళ్ళు ఇద్దరే ఉన్నారు. గంటకు ఎన్ని బస్తాలు కుడితే అన్నే లారీ ఎక్కుతాయి. లారీకి ఎంత బలమున్నా ఏం లాభం? పని వేగం ఎప్పుడూ అందరికన్న నెమ్మదయినవాడి వేగమే. పాత యంత్రాల లెక్కలు వేసేటప్పుడు ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. సరుకు ఏయే చేతులు మారుతున్నదో వరసగా రాసుకోండి. అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చండి. వాటిలో అన్నిటికన్న చిన్న అంకె ఏదో అదే జవాబు.

ఇక్కడ బిళ్ళ ఇచ్చేది సెకనుకు 46,080 బైట్లు, తీగ మొయ్యగలిగేది 15,00,000 బైట్లు. చిన్నది బిళ్ళదే. కనుక ఫ్లాపీకి 32 సెకన్లు. తొంభైకి 2,880 సెకన్లు, అంటే సరిగ్గా 48 నిమిషాలు.

మరి నేను ఆరింటికే మొదలుపెట్టమని ఎందుకన్నాను? 48 నిమిషాలన్నది యంత్రం ఒక్క క్షణం కూడా ఆగకుండా ఉంటే పట్టే కాలం. చదివే ముల్లు ఒక దారి నుంచి ఇంకొక దారికి జరగాలి. ఒక ఫ్లాపీ తీసి ఇంకొకటి పెట్టాలి. పైనున్న కాగితం మీది పేరు చూసి పుస్తకంలో రాసుకోవాలి. ఒక్కొక్కదానికి ఒకటిన్నర నిమిషం అనుకున్నాను. తొంభైకి 135 నిమిషాలు. ఆరు నుంచి తొమ్మిది దాకా 180 నిమిషాలు. మిగిలిన 45 నిమిషాలు మొరాయించే ఫ్లాపీలకోసం. పాతవి కొన్ని మొరాయించక మానవు. భోజనాలయ్యాక మొదలుపెడితే నాయనమ్మ నిద్రపోతుంది, యంత్రం గుంటూరు పోతుంది.

1.44 అన్న అంకె కథ

ఫ్లాపీ మీద 1.44 మెగాబైట్లు అని ఉంటుంది. 14,74,560 బైట్లకు ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పగలరా?

'కిలో' అంటే వెయ్యి. కానీ కంప్యూటరు రెట్టింపుల్లో నడుస్తుందన్నాం గదా! పది రెట్టింపులకు 1,024 వస్తుంది. వెయ్యికి దగ్గరగానే ఉన్నదని దాన్ని కూడా కిలో అన్నారు. మన పెద్దలు తూము దాకా రెట్టింపుల్లో కొలిచి, ఆ తరవాత ఇరవై తూములు ఒక పుట్టి అన్నారు. వీళ్ళూ అలాగే మధ్యలో దారి మార్చారు. 14,74,560ని ముందు 1,024 చేత భాగిస్తే 1,440 వస్తుంది. తరవాత 1,000 చేత భాగిస్తే 1.44. ఒక మెట్టు ఆ కొలత, ఒక మెట్టు ఈ కొలత! అంతా వేలల్లో చెబితే 1.47, అంతా 1,024లలో చెబితే 1.41 రావాలి. ఈ గందరగోళం పోవటానికి 1998లో 1,024కు 'కిబి' అని వేరే పేరు పెట్టారు. మన దేశంలో 1958 అక్టోబరు 1న మెట్రిక్ తూకాలు వచ్చినా వీశెలూ, మణుగులూ చాలాకాలం వినబడుతూనే ఉన్నాయి. ఇదీ అంతే. పాత అలవాటు చట్టంతో పోదు.

బస్సు గెలిచింది

మేనకోడలు ఉత్తరం చివర ఇంకొక ప్రశ్న రాసింది: "తాతయ్య కాలంలో ఇవన్నీ టెలిఫోను తీగ మీద గుంటూరు పంపాలంటే ఎంతసేపు పట్టేది?"

మన దేశంలో ఇంటర్నెట్ జనానికి అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పట్లో టెలిఫోను తీగకు మోడెమ్ అనే పెట్టె తగిలించేవాళ్ళు. ఆ తరవాత కొన్నేళ్ళకు వచ్చిన మంచి మోడెమ్ మీద సెకనుకు 56,000 బిట్లు అని రాసి ఉండేది. నిజానికి అంత వేగం అందేది కాదు. పోనీ, అందిందనే అనుకుందాం. 8 చేత భాగిస్తే 7,000 బైట్లు. తొంభై ఫ్లాపీల సరుకు 13,27,10,400 బైట్లు. భాగిస్తే సుమారు 18,959 సెకన్లు. అంటే అయిదు గంటల పదహారు నిమిషాలు.

ఇప్పుడు అదే రేకు పెట్టెను బస్సులో పెట్టండి. మేదరమెట్ల, చిలకలూరిపేటల మీదుగా గుంటూరు చేరటానికి మూడు గంటలు పడుతుందనుకోండి. మూడు గంటలంటే 10,800 సెకన్లు. 13,27,10,400ని 10,800 చేత భాగిస్తే సెకనుకు 12,288 బైట్లు. చూశారా! మోడెమ్ కన్న బస్సే నయం. బస్సు టిక్కెట్టు మీద ఈ అంకె ఎవరూ అచ్చు వెయ్యలేదు గాని, లెక్క లెక్కే.

ఆ శనివారం

ఆరింటికి మొదలుపెట్టారట. అన్నయ్య ఫ్లాపీలు మారుస్తుంటే, నాన్న పేర్లు చదువుతుంటే, అమ్మాయి పుస్తకంలో రాసుకున్నది. తొమ్మిదికి పది నిమిషాలుందనగా పెట్టె అడుగుకు వచ్చారు. తొంభైలో ఎనభైమూడు చదివింది. ఏడింటికి బూజు పట్టింది. వాటిని మళ్ళీ మళ్ళీ బలవంతాన తిప్పవద్దనీ, బూజు ముల్లుకు అంటితే మంచివి కూడా చెడతాయనీ ముందే చెప్పి ఉంచాను. అమ్మాయి వాటిని వేరే సంచీలో కట్టి దాచింది.

తీరా పాటల ఫైలు తెరిస్తే తెలుగు కనబడలేదు. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. అమ్మాయికి ఏడుపు వచ్చినంత పనయింది. కానీ పాటలు ఎక్కడికీ పోలేదు, వేషం మారింది, అంతే. ఆ రోజుల్లో తెలుగు ఫాంటువాళ్ళు ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే మన అక్షరాలు కూర్చోబెట్టేవాళ్ళు. ఆ ఫాంటు తాతయ్య ఫ్లాపీలలోనే ఒకదానిలో ఉన్నది. అది ఎక్కించగానే తెలుగు వచ్చింది.

నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని వచ్చి కూర్చున్నది. అమ్మాయి పాట చదువుతుంటే మూడో చరణం దగ్గర ఆపి, "అక్కడ మాట తప్పు రాశాడే మీ తాత. నేను అప్పుడే చెప్పాను, వినలేదు" అన్నదట. ఆ తరవాత తనే పాడింది. ఆ రాత్రి ఆమె తొమ్మిదింటికి పడుకోలేదు.

పెద్దలకు ఒక మాట

అద్దంకి పేరు చెప్పగానే తెలుగు పద్యానికి ఆదికాలపు సాక్ష్యంగా పండరంగని శాసనం గుర్తుకొస్తుంది. అది 848 నాటిదని చెబుతారు. రాతి మీద చెక్కిన తరువోజ పద్యం వెయ్యేళ్ళు దాటి నిలిచింది. ఫ్లాపీ మీది అయస్కాంతపు రాత ముప్ఫై ఏళ్ళు నిలిస్తే గొప్ప. ఫ్లాపీలు అమ్మేవాళ్ళలో పెద్దదయిన సోనీ కంపెనీ కూడా 2011లో వాటిని అమ్మటం మానేసింది. మీ అటక మీద ఇటువంటి పెట్టె ఉంటే పండగ దులుపుడులో పారవెయ్యకండి. తేమ తగలనివ్వకండి. యంత్రం ఎవరి దగ్గర ఉన్నదో ఈ నెలలోనే కనుక్కోండి. కాపీ చేశాక రెండు వేరు వేరు చోట్ల దాచండి.

ఈ నెల లెక్క

ఇప్పుడు తెలుగు రాసే యూనికోడ్ పద్ధతిలో సాధారణంగా ఒక్కొక్క గుర్తుకు 3 బైట్లు పడతాయి. 'అద్దంకి'లో అ, ద, పొల్లు, ద, సున్న, క, గుడి అని ఏడు గుర్తులున్నాయి. కనుక 21 బైట్లు. తొలినాటి నెమ్మది మోడెమ్ సెకనుకు 300 బిట్లు పంపేది. అది ప్రతి బైటుకూ ముందొక బిట్, వెనకొక బిట్ కాపలా పెట్టేది. అంటే బైటుకు 10 బిట్లు. 21 బైట్లకు 210 బిట్లు. 300 చేత భాగిస్తే సెకనులో 7 పదో వంతులు.

ఇక మీ పని: మొదటిది, మీ ఊరి పేరు ఆ తీగ మీద పోవటానికి ఎంతసేపు పడుతుంది? రెండోది, తాతయ్య తొంభై ఫ్లాపీలూ ఆ తీగ మీదనే పంపితే ఎన్ని రోజులు పడుతుంది? బస్సు ఈలోగా గుంటూరుకు ఎన్నిసార్లు పోయి రాగలదో కూడా ఊహించండి. జవాబులు వచ్చే నెలలో చూసుకుందాం.

మీ
లెక్కల మామయ్య